పెంకుటింటి అటకలో హెచ్‌ఎఫ్ యాంటెన్నా: కోతుల బెడద తప్పించుకునే దారి ఉన్నదా?

పానగల్లు వాసి:

పెద్దలందరికీ నమస్కారం. మాది నల్లగొండను ఆనుకొని ఉన్న పానగల్లు. హ్యామ్ (అభిరుచి కొద్దీ రేడియో స్టేషన్ నడిపేవారు) కావడానికి రాయవలసిన జనరల్ గ్రేడు పరీక్ష పాసై, కాల్ సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) వచ్చి, ఒకరు వాడిన 100 వాట్ల హెచ్‌ఎఫ్ (3 నుండి 30 మెగాహెర్ట్జ్) రేడియోను కొనుక్కున్న తరువాత యాంటెన్నా దగ్గర ఆగిపోయాను. ఇంటి కప్పు మీది నుండి ఎదుటి వేపచెట్టుకు కట్టిన డైపోల్‌ను (నడుమ కేబుల్ కలిసే రెండు చేతుల తీగ యాంటెన్నా) కోతులు ఉయ్యాల చేసుకున్నాయి. తీగ తెగడం ఒక ఎత్తయితే, అవి ఆ తీగ పట్టుకొని కప్పు మీదికి దూకినప్పుడల్లా పెంకులు పగలడం మరొక ఎత్తు. ఇకమీదట ఇంటి మీద తీగ అన్నది కనిపించకూడదని మా నాన్నగారు తేల్చి చెప్పారు. పగిలిన పెంకుకు జోడు పెంకు దొరకడం ఈ రోజుల్లో తేలిక కాదు కాబట్టి ఆయన మాటను నేను కాదనలేను.

అందువల్ల అటక మీద దృష్టి పడింది. మాది రెండు వాలుల బెంగుళూరు పెంకుల ఇల్లు. వెన్నుదూలం పొడవు 32 అడుగులు, ఇంటి వెడల్పు 22 అడుగులు. వెన్నుదూలం నేల నుండి 17 అడుగుల ఎత్తున, చూరు వైపు గోడలు 10 అడుగుల ఎత్తున, అటక చెక్కలు 9 అడుగుల ఎత్తున ఉన్నాయి. దూలాలు, వాసాలు అన్నీ కర్రవే; అయితే తూర్పున ఉన్న వసారాకు జింకు రేకులు వేయించాము. అటక మీద ఇత్తడి గంగాళాలు, రెండు ఇనుప పెట్టెలు, బతుకమ్మ తాంబాళాలు, పాత నాగలి కర్రులు ఉన్నాయి. తాతగారి నాడు వేసిన కరెంటు తీగ చెక్క పట్టీల మీద అటక గుండానే పోతుంది. మా అమ్మగారి మంచం సరిగ్గా ఆ అటక కింద ఉంటుంది.

నాకు ముఖ్యంగా కావలసింది 40 మీటర్ల బ్యాండులో (7 మెగాహెర్ట్జ్ ప్రాంతం) ఉదయం పూట జరిగే నెట్లలో (హ్యామ్‌లు ఒకే ఫ్రీక్వెన్సీలో కూడి మాట్లాడుకునే సమావేశాలు) పాల్గొనడం. వీలైతే 20 మీటర్లు, ఆ పైన 2 మీటర్లలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని వినడం, హైదరాబాదు మిత్రులతో మాట్లాడడం. 40 మీటర్ల డైపోల్‌కు లెక్క ప్రకారం 66 అడుగుల తీగ కావాలి. నా దూలం దానికి సగం కూడా లేదు. తీగను వంచితే పనిచేస్తుందా? పెంకులు సంకేతాన్ని ఎంత మింగేస్తాయి? 100 వాట్లు ప్రసారం చేస్తే కింద పడుకున్నవారికి ఇబ్బంది ఏమైనా ఉంటుందా? అనుభవజ్ఞులు వివరంగా చెప్పగలరని మనవి.

పాలమూరు శ్రోత:

నమస్కారమండీ. మీ ఇంటి కొలతలు ముందే ఇచ్చారు కాబట్టి ఊహలతో కాకుండా లెక్కతోనే మాట్లాడుకోవచ్చు. పెంకు గురించి మీరు పడుతున్న బెంగ అనవసరం. ఎండిన మట్టి పెంకు హెచ్‌ఎఫ్ తరంగాలకు దాదాపు లేనట్లే లెక్క. 42 మీటర్ల పొడవున్న తరంగానికి వేలెడు మందం కూడా లేని కాల్చిన మట్టి అడ్డు కాదు. ఇదే ప్రశ్న స్లాబు ఇంటివారో, రేకుల ఇంటివారో అడిగి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. కాంక్రీటు లోపలి ఇనుప చువ్వల జాలి కన్నాలు ఆ తరంగం ముందు మూసుకున్న తలుపులే. ఇనుప రేకులకైతే ఆ మాత్రం కన్నాలు కూడా ఉండవు. ఊళ్లన్నీ స్లాబుల వైపు పోతున్న కాలంలో మీకు పెంకుటిల్లు మిగిలి ఉండడం హ్యామ్‌గా మీ అదృష్టమే అనాలి.

ఇక పొడవు సంగతి. సగం తరంగపు డైపోల్‌లో విద్యుత్ ప్రవాహం తీగ పొడవునా ఒకే విధంగా ఉండదు. నడుమ, అంటే కేబుల్ కలిసే చోట, అత్యధికంగా ఉండి కొసల వైపు పోయేకొద్దీ తగ్గుతూ, కొసల వద్ద సున్నా అవుతుంది. ప్రసారం చేసేది ప్రవాహమే కాబట్టి తీగలో ఏ భాగం తిన్నగా ఉండాలో ఏ భాగం వంగినా ఫరవాలేదో దీనిని బట్టే తేలుతుంది. లెక్క కడితే, నడిమి సగం పొడవులోనే మొత్తం పనిలో 71 శాతం దాకా జరుగుతుంది. మీ 66 అడుగులలో నడిమి సగం 33 అడుగులు. మీ దూలం 32 అడుగులు. ఆ 32 అడుగులను వెన్నుదూలం కిందుగా తిన్నగా లాగండి. రెండు వైపులా మిగిలే తలా 17 అడుగులను వాసాల వెంట కిందికి దించండి. మీ కొలతల ప్రకారం వాలు పొడవు 13 అడుగులు వస్తుంది కాబట్టి చివరి నాలుగు అడుగులు చూరు గోడ వెంట మలుపుకోవలసి ఉంటుంది.

రెండు కొసలనూ ఒకే వాలు మీదికి దించకుండా, ఉత్తరపు కొస పడమటి వాలుకు, దక్షిణపు కొస తూర్పు వాలుకు పోయేట్లు ఏర్పాటు చేయడం మేలు. ఒకే వాలుకు దించితే రెండు కొసలలోని అడ్డం ప్రవాహాలు ఎదురెదురుగా నడిచి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. వేరు వాలులకు దించితే ఒకదానికొకటి తోడవుతాయి. అయితే మీ వసారా జింకు రేకులు తూర్పుననే ఉన్నాయి. డైపోల్ కొసను రేకుల దగ్గరికి తీసుకుపోతే ట్యూనింగు చెదరడమే గాక, తుప్పు పట్టిన రేకుల అతుకులు డయోడుల లాగా ప్రవర్తించి హార్మోనిక్‌లు (అసలు ఫ్రీక్వెన్సీకి రెండింతలు, మూడింతల సంకేతాలు) పుట్టించే ప్రమాదం ఉంటుంది. కాబట్టి తూర్పు కొసను చూరు దాకా దించకుండా వాలు నడుమ నుండే మలిపి, దూలానికి సమాంతరంగా ఇంటి లోపలి వైపు నడపండి. రేకులకు ఒక మీటరుకు తగ్గకుండా ఎడం ఉంచండి. కొసలలో ప్రవాహం తక్కువ కాబట్టి ఆ మలుపు వల్ల పోయేది పెద్దగా ఉండదు.

తీగకు ప్రత్యేకమైన సరుకు ఏదీ అక్కరలేదు. ఎలక్ట్రికల్ దుకాణంలో 90 మీటర్ల చుట్టగా అమ్మే ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ సరిపోతుంది, పై తొడుగు తీయనక్కరలేదు. తొడుగు వల్ల, చుట్టుపక్కల కర్ర, పెంకుల వల్ల తీగ తన అసలు పొడవు కన్నా కొంచెం ఎక్కువ పొడవు ఉన్నట్లు ప్రవర్తించి, అనుకున్న దాని కంటే తక్కువ ఫ్రీక్వెన్సీలో రెజొనెన్స్ (సహజ స్పందన) చూపుతుంది. అందువల్ల మొదట 20.5 మీటర్లు కోసి, నానో వీఎన్‌ఏతో (యాంటెన్నాను కొలిచే చిన్న పరికరం) కొలిచి, తరువాత తగ్గించుకోండి. ఉదాహరణకు రెజొనెన్స్ 6.85 మెగాహెర్ట్జ్ వద్ద కనిపించిందనుకుందాం. దానిని 7.1కి తేవడానికి మొత్తం పొడవులో సుమారు 72 సెంటీమీటర్లు, అంటే ఒక్కో కొసన 36 సెంటీమీటర్లు తగ్గాలి. కోయడానికి తొందరపడకుండా ఆ మేరకు తీగను వెనక్కి మడిచి దాని మీదనే మెలిపెట్టి చూడండి. లెక్క కుదిరినట్లు తేలిన తరువాతనే కటింగ్ ప్లయర్ తీయండి.

20 మీటర్ల కోసం వేరే కేబుల్ అక్కరలేదు. ఆ నడిమి బిందువు దగ్గరే మరొక జత తీగలు, తలా 5 మీటర్లు, మొదటి జతకు ఒక అడుగు కిందుగా కడితే చాలు. ఇవి మీ దూలం పొడవుకు దాదాపు సరిగ్గా సరిపోతాయి. పొడవాటి జతను ముందు సరిచేసుకొని ఆ తరువాతే పొట్టి జతను ముట్టుకోవాలి. 40 మీటర్ల తీగ మూడింతల ఫ్రీక్వెన్సీలోనూ రెజొనెన్స్ చూపుతుంది కనుక 15 మీటర్ల బ్యాండు కూడా దాదాపు ఉచితంగా మీ చేతికి వస్తుంది.

ఎత్తు గురించి ఒక మాట. 17 అడుగులంటే 40 మీటర్ల బ్యాండులో తరంగపు పొడవులో ఎనిమిదో వంతు మాత్రమే. ఇంత తక్కువ ఎత్తున ఉన్న డైపోల్ శక్తిని ప్రధానంగా నిట్టనిలువుగా పైకి పంపుతుంది. అది అయనోస్ఫియర్‌కు (పై వాతావరణంలోని విద్యుదావేశపు పొర) తగిలి చుట్టుపక్కల వందల కిలోమీటర్ల మేర గొడుగు పట్టినట్లు కిందికి వస్తుంది. దూరదేశాలు కావాలనుకునేవారికి ఇది లోపమే. మీకు కావలసినవి ఉదయపు నెట్లు. వాటిలో ఉండేది హైదరాబాదు, విజయవాడ, చెన్నై, బెంగళూరు స్టేషన్లు, అంటే మీకు 500 కిలోమీటర్ల లోపు వారు. మనం ఉన్న అక్షాంశంలో పగటి పూట 7 మెగాహెర్ట్జ్ తరంగం నిలువుగా పోయి కూడా చాలా రోజులు తిరిగి వస్తుంది. కాబట్టి అటక ఎత్తు మీ అవసరానికి అనుకూలమే. నేలలోకి ఇంకిపోయే భాగం కొంత ఉంటుంది, దానిని ఒప్పుకోక తప్పదు. మిట్టమధ్యాహ్నం మాత్రం అయనోస్ఫియర్ కింది పొర సంకేతాన్ని పీల్చేస్తుంది; ఆ వేళ వినపడలేదని యాంటెన్నాను అనుమానించవద్దు.

దేవరకొండ ఎలక్ట్రీషియన్:

పాలమూరు పెద్దాయన చెప్పిన యాంటెన్నా లెక్కకు నేను కలపగలిగింది ఏమీ లేదు. కానీ పానగల్లు తమ్ముడు పెంకు గురించి అడిగాడు, మంచం గురించి అడిగాడు, అసలు అడగవలసిన దానిని మాత్రం ప్రశ్న నడుమ ఒక వాక్యంలో చెప్పి వదిలేశాడు. అటకలో యాంటెన్నాకు మేలైనా కీడైనా చేసేది కప్పు కాదు, ఇంట్లోని కరెంటు తీగలు. బయట చెట్టుకు కట్టిన డైపోల్‌కూ మీ టీవీ ఛార్జర్‌కూ నడుమ యాభై అడుగుల ఎడం ఉంటుంది. అటకలో అది అయిదు అడుగులకు వస్తుంది. మీ ప్రసారం ఇంటి తీగలలోకి పోతుంది, ఇంటి తీగలలోని రొద మీ రేడియోలోకి వస్తుంది.

ఈ రొదకు కారణం ఈనాటి పరికరాలు దాదాపు అన్నీ స్విచింగ్ పద్ధతిలో కరెంటు మార్చుకోవడమే. ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ ఛార్జర్, సెట్‌టాప్ బాక్సు అడాప్టర్, వైఫై రౌటర్, ఇన్వర్టర్, కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యానులు, అన్నిటి లోపలా సెకనుకు వేలసార్లు స్విచ్ అయ్యే సర్క్యూట్ ఉంటుంది. దాని హార్మోనిక్‌లు మెట్లు మెట్లుగా 7 మెగాహెర్ట్జ్ దాకా, ఆ పైకీ వస్తాయి. చవకరకం బల్బులలో వడపోత భాగాలను పొదుపు కోసం వదిలేయడం మా దుకాణంలో పాడైన బల్బు విప్పిన ప్రతిసారీ కనిపిస్తుంది: మూత తీస్తే బోర్డు మీద ఫిల్టర్ కాయిల్ గుర్తు అచ్చువేసి ఉంటుంది, కాయిల్ ఉండవలసిన చోట ఉట్టి తీగ ముక్క టంకం వేసి ఉంటుంది.

యాంటెన్నా శాశ్వతంగా బిగించే ముందు ఒక పరీక్ష చేయండి. రేడియోను 12 వోల్టుల బ్యాటరీ మీద నడుపుతూ, అటకలో తాత్కాలికంగా తీగ లాగి, 7.1 మెగాహెర్ట్జ్ వద్ద ఎస్ మీటర్ (రేడియోలో సంకేతం బలం చూపే మీటర్) చూడండి. తరువాత ఇంటి మెయిన్ ఆపండి. ఇన్వర్టర్ ఉంటే దానినీ ఆపాలి. మెయిన్ ఆపి ఇన్వర్టర్‌ను మరిచిపోయేవారే ఎక్కువ. మీటర్ కిందికి పడితే దొంగ మీ ఇంట్లోనే ఉన్నట్లు. అప్పుడు ఒక్కొక్క ఎంసీబీ వేసుకుంటూ, రొద తిరిగి వచ్చిన సర్క్యూట్‌లో ఒక్కొక్క ప్లగ్గు తీస్తూ పోతే దొరుకుతుంది. మెయిన్ ఆపినా రొద అలాగే ఉంటే బయట 11 కేవీ లైను ఇన్సులేటర్ మీద చిన్న నిప్పురవ్వలు ఉన్నాయేమో చూడాలి. అలాంటి రొద ఎండాకాలంలో, గాలి వీచినప్పుడు పెరిగి, వాన పడి ఇన్సులేటర్ తడిసినప్పుడు తగ్గుతుంది. ఆ లక్షణం కనిపిస్తే విద్యుత్ శాఖ వారికి స్తంభం నంబరుతో సహా రాసి ఇవ్వండి.

అటకలోని పాత తీగ గురించి నేను గట్టిగానే చెబుతాను. చెక్క పట్టీల మీద పోయిన పాత వైరింగ్‌ను యాంటెన్నాతో నిమిత్తం లేకుండానే మార్చవలసి ఉంటుంది. ఎలుకలు కొరికి, వేడికి తొడుగు పెళుసెక్కి ఉంటుంది. డైపోల్ కొసల వద్ద ప్రవాహం సున్నా అన్నారు గదా, అక్కడే వోల్టేజ్ అత్యధికం. 100 వాట్లకే వందల వోల్టులు ఉంటుంది. ఎండిన కర్ర, దుమ్ము, సాలెగూళ్లు ఉన్న చోట ఆ కొసలు కర్రకు తగలకూడదు. పింగాణీ గుడ్డు ఇన్సులేటర్ గానీ, పీవీసీ పైపు ముక్క గానీ వాడి నైలాన్ తాడుతో కట్టండి. కొత్త వైరింగ్ వేయించేటప్పుడు అది యాంటెన్నా నడిమి భాగానికి అడ్డంగా పోయేట్లు చూసుకోండి. సమాంతరంగా పోయిన తీగ శక్తిని ఎక్కువగా లాక్కుంటుంది.

కేబుల్ యాంటెన్నాను కలిసే చోట చోక్ (కేబుల్ పై జాలిలో ప్రవాహాన్ని అడ్డుకునే చుట్ట) తప్పనిసరి. అది లేకపోతే కేబుల్ పై జాలి కూడా యాంటెన్నాలో భాగమై, ఇంట్లోని రొదనంతా పోగేసి రేడియోకు అందిస్తుంది. ఎఫ్‌టీ240-43 ఫెర్రైట్ రింగు దొరికితే దాని మీద ఆర్‌జీ-58 కేబుల్ డజను చుట్లు వేయండి. దొరకకపోతే ఆరు మీటర్ల కేబుల్‌ను 4 అంగుళాల పీవీసీ పైపు మీద ఒకే వరుసగా, చుట్టు మీద చుట్టు పడకుండా, చుట్టి కట్టినా పని నడుస్తుంది. నల్లగొండ ఎండాకాలంలో పెంకు కింద వేడి ఎంత ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. అందుకని మామూలు ఇన్సులేషన్ టేపు కాకుండా కేబుల్ టైలు వాడండి, టేపు జిగురు కరిగి జారుతుంది. పని కూడా తెల్లవారుజామున ముగించుకోండి.

మీ అమ్మగారి సంగతి. మంచం మీద పడుకున్న మనిషికీ తీగకూ నడుమ పదిహేను అడుగుల దాకా ఉంటుంది. మాటలతో చేసే ఎస్‌ఎస్‌బీ ప్రసారంలో సగటు శక్తి 100 వాట్లలో కొద్ది భాగమే. ఆ దూరంలో, ఆ బ్యాండులో ఆందోళన పడవలసింది కనిపించదు. ఎఫ్‌టీ8 (కంప్యూటర్ ద్వారా పంపే అక్షరాల ప్రసారం) అయితే ప్రతి 15 సెకన్ల వంతులో 12.6 సెకన్లు పూర్తి శక్తితో ప్రసారం జరుగుతుంది కాబట్టి దానిని 20 వాట్లకు దించుకోండి, ఎఫ్‌టీ8కు అది చాలును. ప్రసారం జరుగుతున్నప్పుడు మాత్రం ఎవరూ అటక ఎక్కకూడదు. ఊరగాయ జాడీ కోసం ఎక్కినవారి చేయి కొసకు తగిలితే చర్మం కాలుతుంది. నిచ్చెన దగ్గర ఒక ఎర్ర బల్బు పెట్టడం వల్ల నష్టం లేదు.

నారాయణపేట మిద్దె:

పై ఇద్దరూ అటకను సమర్థించారు కాబట్టి నేను కొంచెం ఎదురు చెబుతాను. మాది ఇనుప గర్డర్ల మీద షాబాదు బండలు పరిచిన మిద్దె. బండ అడ్డు కాదు, గర్డర్లే అడ్డు. లోపల గర్డర్లకు సమాంతరంగా కట్టిన డైపోల్ దాదాపు చెవిటిది. అడ్డంగా తిప్పిన తరువాత వినడం మొదలుపెట్టింది గానీ, బయటి యాంటెన్నాకు సాటి రాలేదు. పానగల్లు మిత్రుడికి గర్డర్లు లేవు, కాబట్టి హెచ్‌ఎఫ్ వరకు నా అభ్యంతరం ఉపసంహరించుకుంటున్నాను. ఇనుప పెట్టెలను, గంగాళాలను మాత్రం దూలం కింది నుండి గోడ పక్కకు జరపండి. జరిపిన తరువాతే ట్యూనింగు చేయండి, దసరాకు తాంబాళాలు దించినప్పుడల్లా రెజొనెన్స్ మారకుండా ఉంటుంది.

2 మీటర్ల విషయంలో మాత్రం అటక వద్దు. అంతరిక్ష కేంద్రాన్ని వినడానికి సరిపోతుంది, అది వేరు సంగతి. 145.800 మెగాహెర్ట్జ్‌లో నెత్తి మీదుగా పోయేటప్పుడు 400 కిలోమీటర్ల పైనుండి అడ్డంకి లేకుండా వచ్చే సంకేతం కనుక, 49 సెంటీమీటర్ల నిలువు కడ్డీ, కింద ఏటవాలుగా నాలుగు కడ్డీలు ఉంటే పెంకుల లోపలి నుండి కూడా శుభ్రంగా వినపడుతుంది. కానీ హైదరాబాదుతో నేరుగా మాట్లాడాలంటే నేలబారుగా వంద కిలోమీటర్లు, నడుమ గుట్టలు. అక్కడ ప్రతి అడుగు ఎత్తూ లెక్కకు వస్తుంది. పైగా తడిసిన పెంకు హెచ్‌ఎఫ్‌ను వదిలిపెట్టినంత సులభంగా వీహెచ్‌ఎఫ్‌ను (2 మీటర్ల వంటి పై ఫ్రీక్వెన్సీలు) వదలదు. కేబుల్ కూడా ఆలోచించాలి. పదిహేను మీటర్ల ఆర్‌జీ-58లో 7 మెగాహెర్ట్జ్ వద్ద పోయేది స్వల్పం. 145 వద్ద దాదాపు సగం శక్తి కేబుల్‌లోనే వేడిగా మారుతుంది. 2 మీటర్లకు ఆర్‌జీ-213 వంటి మందపాటి కేబుల్ వాడండి.

కోతుల బెడదకు మా వీధిలో పనిచేసిన ఉపాయం ఒకటి ఉన్నది. ఒకటిన్నర మీటర్ల జె-పోల్ (J ఆకారపు నిలువు) యాంటెన్నాను 2 అంగుళాల పీవీసీ నీళ్ల పైపు లోపల పెట్టి, పై మూత అంటించి, గోడకు నిలువుగా క్లాంపులతో బిగించడం. కోతికి ఊగడానికి తీగ లేదు, విరవడానికి కడ్డీ లేదు, నున్నటి పైపు ఎక్కడానికి పట్టు దొరకదు. చూసినవారికి ట్యాంకు పైపు లాగానే ఉంటుంది కాబట్టి మీ నాన్నగారు కూడా ఒప్పుకోవచ్చు. పైపు లోపల పెట్టిన తరువాత రెజొనెన్స్ కొద్దిగా కిందికి జరుగుతుంది. కొలతలు పైపులో ఉండగానే చూడాలి.

పానగల్లు వాసి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన క్రమంలోనే పని చేసి, ఫలితం రాస్తున్నాను. ఉత్తరపు కొస పడమటి వాలుకు దిగింది, దక్షిణపు కొస తూర్పు వాలు నడుమ మలుపు తిరిగింది. మొదటి కొలతలో రెజొనెన్స్ 6.79 వద్ద కనిపించింది; రెండు కొసలనూ మడుచుకుంటూ వచ్చి 7.08 వద్ద నిలిపాను, అక్కడ ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుండి వెనక్కి తిరిగే శక్తికి కొలత; 1 అయితే పరిపూర్ణం) 1.4. పెద్దాయన ఊహించిన దాని కన్నా ఎక్కువే తగ్గించవలసి వచ్చింది. బహుశా ఆ మలుపు వల్ల కావచ్చు. రొద విషయంలో మెయిన్ ఆపగానే ఎస్ మీటర్ 8 నుండి 3కు పడింది. దొంగ సెట్‌టాప్ బాక్సు అడాప్టర్. దానిని మార్చాక మీటర్ 4 దగ్గర నిలిచింది. వైరింగ్ మార్పించడానికి నాన్నగారు ఒప్పుకున్నారు, పంట డబ్బులు వచ్చాక.

ఉదయపు నెట్‌లో బెంగళూరు, చెన్నై స్టేషన్లు నన్ను స్పష్టంగా విన్నాయి. రెండు చిక్కులు మిగిలాయి. నేను 40 మీటర్లలో మాట్లాడితే వసారాలోని కాలింగ్ బెల్ దానంతట అదే మోగుతున్నది. అమ్మ రెండుసార్లు తలుపు తీసి చూసి వచ్చింది. మరొకటి, మొన్న వాన పడినప్పుడు రెజొనెన్స్ కిందికి జరిగి, ఎండ రాగానే తిరిగి పైకి వచ్చింది. వానాకాలం కోసం తీగను ఇంకా తగ్గించాలా?

దేవరకొండ ఎలక్ట్రీషియన్:

కాలింగ్ బెల్‌కు బటన్ నుండి బెల్ దాకా పోయిన పొడవాటి జంట తీగే యాంటెన్నా అవుతున్నది. బెల్ దగ్గర, పెట్టెకు వీలైనంత దగ్గరగా, ఆ జంట తీగను ఒక ఫెర్రైట్ రింగులో గుండా ఏడెనిమిది చుట్లు తిప్పండి. చుట్లు రెట్టింపైతే అడ్డుకునే శక్తి నాలుగింతలు అవుతుంది కాబట్టి ఒక్క చుట్టుతో క్లిప్పు తగిలించి ఊరుకోవద్దు. అప్పటికీ మోగితే బటన్ వైపు కూడా అదే చేయండి. వైర్‌లెస్ బెల్ కొంటారేమో, ఈ ఇంట్లో అది వద్దు. బెల్ తీగను విప్పే ముందు సప్లై ఆపడం మరువకండి.

పాలమూరు శ్రోత:

మీ కొలతలు బాగున్నాయి, 1.4 ఎస్‌డబ్ల్యూఆర్‌కు ఇంకా ఏమీ చేయనక్కరలేదు. తడిసిన పెంకు తన చుట్టూ ఉన్న తీగను మరికొంత పొడవుగా కనిపింపజేస్తుంది. రెజొనెన్స్ కిందికి జరగడం సహజం. వానకు తగ్గట్టు కోస్తే ఎండకాలంలో రెజొనెన్స్ బ్యాండు పైకొస వైపు పోతుంది. కాబట్టి పొడి పెంకు మీద 7.12 దగ్గర పెట్టుకోండి; తడిసినప్పుడు అది 7.05 ప్రాంతానికి దిగినా మన బ్యాండు 7.0 నుండి 7.2 వరకు ఉన్నది కనుక రెండు కాలాల్లోనూ లోపలే ఉంటారు. వాలు మీది తీగను పెంకులకు ఆనించకుండా వాసాల అడుగున, జానెడు కిందుగా వేలాడదీస్తే ఈ జరుగుడు ఇంకా తగ్గుతుంది.

అటకలో ఉన్నది కదా అని పిడుగును తేలికగా తీసుకోవద్దు. పెంకు పిడుగును ఆపదు. మబ్బు కమ్మినప్పుడు కేబుల్‌ను రేడియో నుండి విప్పి, కొసను కిటికీ బయటికి వేయండి. రేడియో కరెంటు ప్లగ్గు కూడా తీయండి. ఏప్రిల్, మే నెలల గాలివానల్లో సాయంత్రం పూట రేడియో వాడకం అయిపోగానే విప్పి ఉంచడమే అలవాటు చేసుకోండి. నెలకోసారి టార్చి వేసుకొని కేబుల్ పొడవునా చూడండి; ఉడుతలు, ఎలుకలు కేబుల్ తొడుగును కొరుకుతాయి, అప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్ కారణం లేకుండా మారుతున్నట్లు కనిపిస్తుంది. జె-పోల్ పైపు బిగించాక కొలతలు ఇక్కడ రాయండి.